బ్రిటన్ గడ్డకట్టిన శీతకాలం

తెలుగులో ‘మంచు’ అన్న ఒక్క మాటతోనే మనం చాలా పనులు జరుపుకొంటాము. తెల్లవారుజామున గడ్డిపై మెరిసేదీ మంచే, దారి కనపడనీయక కమ్ముకొనేదీ మంచే, హిమాలయాల మీద పరచుకొన్నదీ మంచే. ఉర్దూలో మొదటిది శబ్నమ్, రెండవది కుహ్రా, మూడవది బర్ఫ్. కాని ఆ బర్ఫ్ సైతం ఆకాశం నుండి దూదిపింజల వలె రాలేదానికీ, నీరు రాయి వలె గట్టిపడినదానికీ ఒక్క పేరే. ఈ రెండింటినీ వేరుగా చూడనిదే 1962–63 శీతకాలంలో బ్రిటన్ పడిన అవస్థ బోధపడదు. మొదటిది దారులను మూసివేసింది. రెండవది ఇళ్లలో ప్రవేశించింది.

లండన్ నగరం 51వ ఉత్తర అక్షాంశాన్ని దాటి ఉన్నది. అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున, ఇంచుమించు అదే అక్షాంశంపైనున్న లాబ్రడార్ తీరం ఏటా గడ్డకడుతుంది. లండన్‌కు ఆ దుస్థితి లేకపోవడానికి కారణం, వెచ్చని సముద్రజలాల మీదుగా వీచే పడమటి గాలి. ఆ ఏడు ఐస్లాండ్, స్కాండినేవియాల నడుమ అధిక పీడన ప్రాంతం ఒకటి తిష్ఠవేసి ఆ గాలికి అడ్డు నిలిచింది. ఉత్తరార్ధగోళంలో అధిక పీడనం చుట్టూ గాలి గడియారపు ముళ్ల దిశలో తిరుగుతుంది. కావున దాని దక్షిణాన ఉన్న బ్రిటన్‌కు తూర్పు నుండి, రష్యా మైదానాల చలిగాలి వచ్చింది. దారిలో ఉత్తర సముద్రంపై తేమను కూడా తెచ్చుకొన్నది.

1962 డిసెంబరు 26న దక్షిణ ఇంగ్లండులో మంచు కురిసింది. 29, 30 తేదీలలో నైరుతి ఇంగ్లండును, వేల్సును మంచుతుఫాను ముంచెత్తింది. గాలికి కొట్టుకొని వచ్చిన మంచు కొన్నిచోట్ల 6 మీటర్ల ఎత్తున పేరుకొన్నది. రహదారులు, రైలుమార్గాలు మూసుకొనిపోయి, గ్రామాలు ఏకాకులైనాయి. మధ్య ఇంగ్లండులో 1963 జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నకు 2.1 డిగ్రీలు దిగువన నిలిచింది. 1814 తరువాత అంత చల్లని నెల అక్కడ లేదు.

తరగతిలో ఈ అంకె చెప్పినప్పుడు ఒక విద్యార్థి, “రెండు డిగ్రీలకే ఇంత గొడవా?” అన్నాడు. ప్రశ్న సమంజసమే. మాస్కోవాసికి అది చలి కిందనే లెక్క కాదు. కాని మాస్కోలో ఇళ్లు కట్టేవాడు చలిని తలచుకొని కడతాడు. బ్రిటన్‌లో చాలా ఇళ్లలో నీటి గొట్టాలు బయటి గోడల వెంబడి, వేడి సోకని అటకల గుండా సాగేవి. పొయ్యి రాజేసేది ఒకటి రెండు గదులలోనే. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. గొట్టానికి పెరిగే వీలు లేదు కనుక పగులుతుంది. బొగ్గుకుప్పలు సైతం గడ్డకట్టుకొని పోయి, అవసరం అత్యధికమైన వేళనే వాటిని తరలించడం కష్టమైంది.

థేమ్స్ నది విండ్సర్, ఆక్స్‌ఫర్డుల వద్ద గడ్డకట్టింది. ఆక్స్‌ఫర్డులో దాని మీద కారు నడిపారు కూడా! లండన్ నడిబొడ్డున మాత్రం నది పారుతూనే ఉన్నది. 1814లో అక్కడే మంచుపై సంత జరిగింది, అదే ఆఖరుది. ఇరుకు కమానులతో ప్రవాహాన్ని నెమ్మది చేసిన పాత వంతెనను 1831లో తొలగించారు. పైగా 1963 నాటికి విద్యుత్కేంద్రాలు వెచ్చని నీటిని నదిలోనికి వదులుతున్నాయి.

నన్ను ఎక్కువగా కదిలించినది లకుముకి పిట్టల సంగతి. నీరు 4 డిగ్రీల వద్ద అత్యంత బరువుగా ఉంటుంది; అంతకన్న చల్లబడినది పైకి తేలి గడ్డకడుతుంది. అందుచేత మంచుపలక అడుగున చేపలు బ్రతికే ఉన్నాయి. ఆ పలకను ఛేదించలేని పిట్టలు, ఆహారం కళ్లెదుటనే ఉండగా, పెద్దసంఖ్యలో ఆకలితో మరణించాయి.

1963 మార్చి 6న ఆ ఏడాదిలో మొదటిసారిగా దేశమంతటా గడ్డకట్టే చలి లేని ఉదయం వచ్చింది. పగిలిన గొట్టాన్ని అందులోని మంచుగడ్డే మూసి ఉంచుతుంది. అందువల్ల తమ ఇంటిలో ఏ గొట్టం ఎక్కడ పగిలిందో గృహస్థులకు మంచు కరిగిన పిదపనే తెలిసేది.