మన బడి ఎవరి చేతిలో ఉంది?

మేము హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో మా బడిలో నల్లా చెడిపోయింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక పళ్ళాలు కడుక్కోవడానికి రోడ్డు దాటి పోవలసి వచ్చేది. వార్డెన్ సారుకు చెప్పాము. "అది బడి సంగతి, నా చేతుల లేదు" అన్నారు. హెడ్మాస్టర్ సారును అడిగాము. "గ్రాంటు ఇంకా రాలేదు" అన్నారు. ఊరి పెద్దమనిషి ఒకాయన "జెడ్పీ బడి గదా, జిల్లాకు పోయి అడగుండ్రి" అన్నాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదని ఇప్పుడు తెలుస్తోంది. కానీ ఆ మూడు మాటల మధ్య నల్లా మూడు నెలలు అట్లాగే ఉండిపోయింది. నీళ్ళు లేకపోవడం ఒక కష్టం. ఎవరిని అడగాలో తెలియకపోవడం అంతకంటే పెద్ద కష్టం.

ఇబ్రహీంపట్నంలో ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ రెండో కష్టం పడకూడదని, బడిని ఎవరు నడుపుతారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఫలితాలను ఎట్లా చూడాలి అనే విషయాలు మాకు తెలిసినంతలో ఈ వార్షికోత్సవ సంచికలో వివరిస్తున్నాము.

బోర్డు మీద పేరు

మన ప్రాంతంలో పెద్ద బడి గేటు మీద "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అనీ, చిన్న బడి మీద "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అనీ రాసి ఉంటుంది. ఈ పేర్ల వెనుక చరిత్ర ఉంది. 1959 నవంబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ మొదలైంది. ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. 1986లో సమితుల స్థానంలో మండలాలు రావడంతో చిన్న బళ్ళు మండల పరిషత్ బళ్ళయ్యాయి. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ఇవ్వదగిన 29 అంశాలతో పదకొండో షెడ్యూలును చేర్చింది. అందులో ప్రాథమిక, మాధ్యమిక విద్య 17వ అంశం.

ఇదంతా చూస్తే బడి జిల్లా పరిషత్ చైర్మన్ చేతిలో, మండలాధ్యక్షుని చేతిలో ఉంటుందని అనిపిస్తుంది. నిజానికి బోర్డు మీద పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది. ఉపాధ్యాయుల నియామకం రాష్ట్ర ప్రభుత్వం డి.ఎస్.సి. ద్వారా చేస్తుంది. 2024లో 11,062 పోస్టులకు అట్లాగే నోటిఫికేషన్ వచ్చింది. బదిలీలు, పదోన్నతులు రాష్ట్రం పెట్టిన నిబంధనల ప్రకారం జరుగుతాయి. పాఠ్యపుస్తకాలు, పరీక్షలు, పని దినాలు అన్నీ రాజధానిలోనే నిర్ణయమవుతాయి. జిల్లా పరిషత్తుకు విద్యా వైద్యాల స్థాయీ సంఘం అని ఒకటి ఉండి సమీక్షలు చేయవచ్చు, అంతే. 2019లో ఎన్నికైన జడ్.పి.టి.సి., ఎం.పి.టి.సి. సభ్యుల పదవీకాలం 2024 జూలైలో ముగిసి, పాలన ప్రత్యేకాధికారులకు వెళ్ళింది. అయినా బళ్ళు ఎప్పటిలాగే నడిచాయి. అసలు అధికారం ఎక్కడుందో దీన్ని బట్టే తెలుసుకోవచ్చు.

మండలంలో ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల మీద పర్యవేక్షణ మండల విద్యాధికారిది. ఉన్నత పాఠశాల హెడ్మాస్టర్ గెజిటెడ్ అధికారి. ఆయన పైన జిల్లా విద్యాధికారి ఉంటారు. ప్రభుత్వ ఉపాధ్యాయులకు, పంచాయతీరాజ్ ఉపాధ్యాయులకు ఒకే సర్వీసు నిబంధనలు ఉండాలా వద్దా అన్న వివాదం ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. దానివల్ల చాలా మండలాల్లో విద్యాధికారి కుర్చీలో ఇన్‌ఛార్జులే కూర్చున్నారు. తన బడి చూసుకుంటూ మండలమంతా చూడవలసిన హెడ్మాస్టరుకు, రెండిట్లో ఏదో ఒకదానికి టైము తక్కువ కావడం సహజం.

మనకు ఇద్దరు యజమానులు

హాస్టల్ పిల్లల సంగతి ఇంకా వేరు. పొద్దున, రాత్రి మనం సాంఘిక సంక్షేమ శాఖ పిల్లలం. ఆ శాఖను ఇప్పుడు షెడ్యూల్డు కులాల అభివృద్ధి శాఖ అంటున్నారు. పగలంతా విద్యాశాఖ పిల్లలం. హాస్టల్ సంక్షేమాధికారి ఒక దారిలో రిపోర్టు పంపితే, హెడ్మాస్టర్ ఇంకో దారిలో పంపుతారు. ఈ రెండు దారులూ కొంగర కలాన్‌లోని కలెక్టరేటులో గాని కలవవు. 2022 ఆగస్టులో ఆ కొత్త కలెక్టరేటు మన ఇబ్రహీంపట్నం పక్కనే ప్రారంభమైంది. ఆఫీసు దగ్గరికి వచ్చినంత మాత్రాన అర్జీ దానంతట అది నడిచి పోదు కదా.

డబ్బు దారి

అమెరికాలో బళ్ళను "స్కూల్ డిస్ట్రిక్ట్" అనే స్థానిక సంస్థలు నడుపుతాయి. చాలాచోట్ల ఊరి జనం ఓట్లతో బోర్డును ఎన్నుకుంటారు. బడి ఖర్చులో దాదాపు సగం స్థానికంగానే, ముఖ్యంగా ఇళ్ళ మీద, భూముల మీద వేసే పన్నుతో వస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ భూముల ధర పెరిగిన ఊరి బడి ధనిక బడి, ధర లేని ఊరి బడి పేద బడి అవుతుంది. ఆ పద్ధతే ఇక్కడ ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్క ఊళ్ళకు మంచి బళ్ళు, మంచాల, యాచారం వైపు తండాలకు కూలిపోయే బళ్ళు మిగిలేవి. మన పద్ధతిలో టీచరు జీతం ఊరి సంపదను బట్టి మారదు, అన్ని ఊళ్ళకూ రాష్ట్ర ఖజానా నుంచే వస్తుంది. ఇది మనకు జరిగిన మేలు. కీడు ఏమిటంటే, డబ్బు పై నుంచి వస్తుంది కాబట్టి లెక్క కూడా పైకే చెబుతారు, ఊరికి చెప్పే అలవాటు తక్కువ.

జీతాలు కాక వచ్చేవాటిలో ముఖ్యమైనది సమగ్ర శిక్ష. 2018లో సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్ మొదలైనవి కలిపి దీన్ని చేశారు. కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. ఇందులోనే "కాంపోజిట్ స్కూల్ గ్రాంటు" ఉంటుంది. పిల్లల సంఖ్యను బట్టి దీని లెక్క ఇట్లా ఉంది: 30 మంది వరకు ఏడాదికి 10 వేలు, 100 వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, 1000 వరకు 75 వేలు. కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు పెట్టాలి. 300 మంది చదివే ఉన్నత పాఠశాలకు 75 వేలంటే పిల్లవానికి ఏడాదికి 250 రూపాయలు, నెలకు 21 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, చిన్న చిన్న మరమ్మతులు అన్నీ అందులోనే. నల్లా బాగుచేయించే డబ్బు ఉండేది ఇక్కడే! హెడ్మాస్టర్ సారు "గ్రాంటు రాలేదు" అన్న మాటకు అర్థం ఇదే.

పెద్ద పనులకు వేరే పథకాలు వచ్చాయి. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన "మన ఊరు - మన బడి" కింద 26,065 బళ్ళకు 7,289 కోట్లతో మూడు విడతల పనులు ప్రకటించారు. మొదటి విడతకు 9,123 బళ్ళను ఎంచుకున్నారు. 2024లో మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి మరమ్మతు పనులు వాటికి అప్పగించారు. మధ్యాహ్న భోజనం ఎనిమిదో తరగతి వరకు కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి ఖర్చు. తొమ్మిది, పది తరగతుల ఖర్చు రాష్ట్రమే పెట్టుకుంటుంది.

హాస్టల్ డబ్బు సంచీ పూర్తిగా వేరు. 8 నుంచి 10 తరగతుల వారికి నెలకు 1,100 ఉన్న డైట్ చార్జీని 2024 నవంబరు నుంచి 1,540 చేశారు. అంటే రోజుకు సుమారు 51 రూపాయలు. ఆ డబ్బుతో వార్డెన్ సారు బడి నల్లా బాగుచేయించలేరు. ఆయన మాటా నిజమే.

ఫలితాలను ఎట్లా చూడాలి?

రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 2023లో 86.60 శాతం, 2024లో 91.31 శాతం, 2025లో 92.78 శాతం. సంతోషించవలసిన అంకెలే. కానీ శాతం అనేది పరీక్ష రాసినవారిని మాత్రమే లెక్క పెడుతుంది. ఉదాహరణకు ఒక బడిలో ఆరో తరగతిలో 60 మంది చేరారనుకుందాం. వారిలో పదికి చేరి పరీక్ష రాసినవారు 40, పాసైనవారు 38. బోర్డు మీద 95 శాతం అని రాస్తారు. మొదటి 60 మందిలో చూస్తే 63 శాతమే. మిగతా 20 మంది వేరే బడికి పోయారా, పనికి పోయారా, పెళ్ళయి పోయిందా? బడి ఎట్లా పనిచేస్తోందో తెలియాలంటే మొదట అడగవలసింది ఈ ప్రశ్నే.

రెండో సంగతి బళ్ళు ఖాళీ కావడం. 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఒక్క పిల్లవాడు కూడా లేని బళ్ళు 7,993. అందులో 2,245 మన తెలంగాణలోనివి. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం పెట్టినా, వీధి చివర ప్రైవేటు బడి బస్సు హారన్ కొడుతూనే ఉంది. పిల్లలు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది, టీచరు పోస్టు తగ్గుతుంది. టీచరు తగ్గితే ఉన్న పిల్లలూ పోతారు. చివరకు ఆ బడిలో మిగిలేది ఎక్కడికీ పోలేని మన ఇళ్ళ పిల్లలే.

ఖాళీగా ఉన్న కుర్చీ

మరి బడిలో ఊరికి అధికారం బొత్తిగా లేదా? ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగినంత చోటు ఇవ్వాలి. బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన డబ్బు ఎట్లా ఖర్చవుతోందో చూడటం కమిటీ పనులు.

ఇక్కడే హాస్టల్ పిల్లలకు ఒక అన్యాయం జరుగుతోంది. ఆ బడిలో మనం ఎంతమంది ఉన్నా, మన అమ్మానాన్నలు దూరపు ఊళ్ళలో కూలిపనిలో ఉంటారు. మీటింగుకు వస్తే ఆనాటి కూలి పోతుంది, బస్సు చార్జీ మీద పడుతుంది. కాబట్టి రారు. మన పక్షాన మాట్లాడే కుర్చీ ఖాళీగా ఉంటుంది. మా నల్లా ఏ మీటింగు రిజిస్టరులోనూ ఎక్కకపోవడానికి కారణం అదేనని ఇప్పుడు అనుకుంటున్నాము.

దీనికి దారి చట్టంలోనే ఉంది. సంరక్షకుడు అంటే పిల్లవాని పోషణ, రక్షణ చూసే వ్యక్తి అని ఆ చట్టం చెబుతోంది. హాస్టల్లో ఆ పని చేసేది వార్డెనే. హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్ సారును కమిటీ మీటింగుకు పిలవాలని, ఎన్నిక దగ్గరి ఊళ్ళ తల్లిదండ్రులు రాగలిగే రోజున పెట్టాలని రెండు శాఖల అధికారులనూ మేము కోరుతున్నాము. దీనికి ఒక్క రూపాయి ఖర్చు కాదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు చేయగలిగినవి కూడా ఉన్నాయి. బడిలో కొరత కనబడితే తేదీ వేసి కాగితం మీద రాయండి. ఒక కాపీ హెడ్మాస్టర్ సారుకు, ఒకటి వార్డెన్ సారుకు ఇవ్వండి. ఈ ఏడు గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని మర్యాదగా అడగండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబు చెప్పాలి. ఇంటికి పోయినప్పుడు అమ్మకో, నాన్నకో, పెద్దవాళ్ళైన అన్నకో చెప్పి వారిచేత పెట్టించండి.

మన ఇళ్ళలో చదువుకున్నవారు లేరు, ఆఫీసుకు పోయి అడగడం మనకేం తెలుసు అనుకోవద్దు. 1980లలో ఇదే ఇబ్రహీంపట్నం తాలూకాలో వ్యవసాయ కూలీ సంఘం జీతగాళ్ళ విడుదల కోసం, భూముల కోసం కొట్లాడింది. అక్షరం రాని కూలీలు ఆఫీసు మెట్లెక్కి అర్జీలు పెట్టారు. 1990లలో ఈ రంగారెడ్డి జిల్లాలోనే ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చింది. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. మనం కూర్చున్న బెంచీలు వాళ్ళందరూ అడిగితే వచ్చినవే.

వాళ్ళు వేలిముద్ర వేసి అడిగారు. మనకు సంతకం వచ్చు.