చుట్ట ఎరిగిన వాళ్లకు సిగార్ సంగతి

సంక్రాంతికి ఇంటికొచ్చే పిల్లలు పెద్దవాళ్లకు తెచ్చే వస్తువుల్లో ఈమధ్య సిగార్ పెట్టె కూడా చేరింది. మొన్న కనుమనాడు మా బరంపురంలో సంఘం భోజనాలయ్యాక, మా సభ్యుల్లో ఒక పెద్దాయనకు అమెరికా నుంచి వచ్చిన అల్లుడు ఒక సిగార్ ఇచ్చాడు. ఆయన దాని కొన చుట్టలాగే కొరికి ఉమ్మేసి, గబగబా పది దమ్ములు లాగి, "ఇందులో ఘాటే లేదండీ సెక్రటరీ గారూ, డబ్బు దండగ" అని తీర్పు చెప్పేశారు. కాసేపటికి తల తిరిగి అరుగు మీద కూలబడ్డారు. బెల్లం ముక్క, మంచినీళ్లు ఇచ్చాం. ఆ సాయంత్రం నలుగురు అడిగారు, "అసలు దాన్ని ఎలా తాగాలి, మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?" అని. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ పెట్టె మీద 'మీడియం బాడీ' అని ఉంది. చాలామంది దీన్ని ఘాటు కొలత అనుకుంటారు. ఘాటు వేరు, బాడీ వేరు. ఘాటు అంటే నికోటిన్ దెబ్బ, అది తలకు, కడుపుకు తెలుస్తుంది. బాడీ అంటే పొగ నోట్లో ఎంత బరువుగా, ఎంత నిండుగా ఉందన్నది. తేటచారుకూ పప్పుచారుకూ ముద్దపప్పుకూ ఉన్న తేడా అనుకోండి. మూడింట్లోనూ కారం ఒకటే పడినా నాలుక మీద బరువు ఒకటి కాదు. మీడియం అంటే పప్పుచారు.

ఈ తేడా ఆకులోంచి వస్తుంది. సిగార్‌లో పైన కనబడే ఆకు, దాని కింద కట్టు ఆకు, మధ్యలో కూరే ఆకులు అని మూడు వరసలుంటాయి. మొక్క చివర ఎండ బాగా తగిలిన ఆకు మందంగా, ఘాటుగా ఉంటుంది. అడుగు ఆకు పలచన, బాగా కాలుతుంది. నడిమి ఆకు వాసనకు. వీటిని ఏ పాళ్లలో కలిపారన్నదే అసలు పనితనం. పై ఆకు నల్లగా ఉంటే ఘాటు ఎక్కువనే మాట నమ్మకండి. నల్లాకు సిగార్లు కొన్ని తియ్యగా, మెత్తగా ఉంటాయి.

మనకు ఇదంతా కొత్త కాదు. గోదావరి లంకల్లో వరద మట్టి మీద పండే లంక పొగాకు ఒకప్పుడు చుట్టల కోసం బర్మా దాకా వెళ్లింది. చుట్టకూ సిగార్‌కూ ఆకును నెమ్మదిగా ఆరబెట్టి మగ్గబెడతారు. సిగరెట్‌కు వాడే వర్జీనియా ఆకును కొలిమి వేడిలో ఆరబెడతారు. దీనివల్ల ఒక పెద్ద తేడా వస్తుంది. సిగరెట్ పొగలో ఆమ్ల గుణం ఎక్కువ, అందుకే దాన్ని గుండెల్లోకి పీలుస్తారు. సిగార్ పొగకు క్షార గుణం ఉంటుంది, నికోటిన్ నోటి పొరల గుండానే రక్తంలోకి వెళ్లిపోతుంది. పీల్చనక్కర్లేదు. మా పెద్దాయన అరుగు మీద కూలబడింది ఇందుకే.

ఇక తాగే పద్ధతి. భోజనం చేశాకే, ఖాళీ కడుపుతో వద్దు. ముందు వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. ఒకచోట రాయిలా, ఒకచోట బోలుగా ఉంటే సరిగా చుట్టలేదన్నమాట. నోట్లో పెట్టే కొనకు చిన్న టోపీ ఆకు అతికించి ఉంటుంది, పదునైన కత్తితో దాని చివర మాత్రం కొయ్యాలి. కొరికితే పై ఆకు విప్పుకుంటూ పోతుంది. వెలిగించకుండా ఒకసారి గాలి లాగండి. వచ్చే రుచి ఎండుగడ్డిదా, చెక్కదా, కోకోదా గమనించండి. అగ్గిపుల్ల గంధకం వాసన పోయాక, మంట తగలనీయకుండా కొనను తిప్పుతూ కాచాలి.

ఆ తర్వాత నిమిషానికి ఒక్క దమ్ము, అంతే. ఎక్కువ లాగితే వేడెక్కి చేదెక్కుతుంది, ఆ చేదు సిగార్ తప్పు కాదు. అయిదంగుళాల సిగార్ ముప్పావు గంట పైనే పడుతుంది. నేను దాన్ని మూడు భాగాలుగా లెక్క రాసుకుంటాను, గుమాస్తా అలవాటు పోలేదు. మొదటి భాగంలో చెక్క, కొంచెం మిరియం. నడిమి భాగం అసలు పరీక్ష. వేయించిన పల్లీ, కాఫీ గింజ లాంటి రుచులు ఒకదాని వెనక ఒకటి రావాలి, ఏదీ రెండోదాన్ని మింగకూడదు. మంచి మీడియం సిగార్‌లో మొదటి దమ్ముకూ ఇరవయ్యో దమ్ముకూ రుచి మారుతుంది. ఒకే రుచి చివరిదాకా సాగితే అది మామూలు సరుకు. చివరి భాగంలో వేళ్లకు వేడి తగలగానే పక్కన పెట్టెయ్యండి, అదే ఆరిపోతుంది. బూడిద అంగుళం దాకా నిలిస్తే ఆకు పొడుగ్గా ఉందని గుర్తు. బూడిద సంగతికొస్తే, 1887లో వచ్చిన మొదటి షెర్లాక్ హోమ్స్ నవలలో హంతకుడు తిరుచినాపల్లి చుట్ట తాగాడని డిటెక్టివ్ బూడిద చూసే కనిపెడతాడు.

ఇంత రుచి చెప్పినవాణ్ణి నేను తాగేది ఏడాదికి ఒకటే. ఉద్యోగంలో ఉన్నప్పుడు రోజుకు ఆరు చుట్టలు కాల్చేవాణ్ణి. మా నాయనమ్మది అడ్డపొగ. శ్రీకాకుళం నుంచి మా గంజాం దాకా ఆ తరం ఆడవాళ్లలో చాలామందిలాగే, నిప్పున్న కొన నోట్లోపల పెట్టుకుని ఇంటిపనంతా చేసుకునేది. అంగిలి ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రచుక్కలు వచ్చాయి, తర్వాత పుండు. మా నాన్న ఆవిడను పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. చివరి నెలల్లో గంజి కూడా ముక్కులోకి వచ్చేసేది. పొగ పీల్చకపోయినా నోటికీ గొంతుకూ క్యాన్సర్ ముప్పు తప్పదు, ఖరీదైన సిగార్ అయినా సరే. రోజుకొకటి అలవాటైతే ఆ ముప్పు పెరుగుతుంది. పెట్టె ఇంట్లో ఉంటే రోజుకొకటి కావడానికి ఎంతోకాలం పట్టదని నాకు తెలుసు. అందుకే నాకు వచ్చిన పెట్టెలోంచి ఒకటి తీసుకుని మిగతావి తెచ్చినవాడికే ఇచ్చేస్తాను.

మరొక్క మాట. సంఘం హాల్లో, వరండాలో వెలిగించవద్దు. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగతాగడం నిషేధం, పైగా హాల్లో పిల్లలు పద్యాలు నేర్చుకుంటుంటారు. నేను మా పెరట్లో కొబ్బరిచెట్టు కింద కూర్చుంటాను. అయిపోయాక మా ఆవిడ టార్చిలైటు పట్టుకొచ్చి నోరు తెరవమంటుంది, అంగిలి అంతా చూసిగానీ లోపలికి రానివ్వదు.