కోలిన్ గుళికలతో చదువు బాగా తలకెక్కుతుందా? ఆధారాలు ఏం చెబుతున్నాయి

ఢిల్లీలోని ఓల్డ్ రాజేంద్రనగర్, ముఖర్జీనగర్ వీధుల్లో సివిల్ సర్వీసుల పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థుల నోట తెలుగు మాట వినిపించడం కొత్త కాదు. ఉదయం మొదలైన చదువు అర్ధరాత్రి దాటితే గాని ముగియని ఆ వాతావరణంలో, ఏకాగ్రత పెంచుతుందన్న ఏ వస్తువుకైనా గిరాకీ ఉంటుంది. కాఫీ, టీల సంగతి పాతది. ఇప్పుడు ఆన్‌లైన్ దుకాణాల్లో జ్ఞాపకశక్తి పేరిట అమ్మే పోషక గుళికల మీద తరచుగా కనిపించే పేరు కోలిన్. ఈ ప్రచారం పూర్తిగా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ స్ట్రెకర్ 19వ శతాబ్దంలో పిత్తరసం నుంచి వేరుచేసిన పదార్థమిది. పిత్తం అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుంచే దీనికి ఆ పేరు వచ్చింది. కణాల పొరల నిర్మాణానికి, కాలేయం నుంచి కొవ్వు బయటకు పోవడానికి ఇది అవసరం. జ్ఞాపకం, శ్రద్ధలతో సంబంధమున్న ఎసిటైల్‌కోలిన్ అనే నాడీ సందేశవాహకం తయారయ్యేదీ దీని నుంచే. ఈ సందేశవాహకంపై జరిపిన పరిశోధనలకే 1936లో ఆటో లోవీ, హెన్రీ డేల్‌లకు నోబెల్ బహుమతి లభించింది. కాలేయం కొంత కోలిన్‌ను తానే తయారు చేసుకుంటుంది గాని, అది సరిపోదు. అందుకే అమెరికా వైద్య సంస్థ 1998లో దీనిని అత్యవసర పోషకంగా గుర్తించి, రోజుకు పురుషులకు 550, స్త్రీలకు 425 మిల్లీగ్రాములు తగిన మోతాదుగా నిర్ణయించింది.

ముడిసరుకు ఎక్కువైతే సందేశవాహకమూ ఎక్కువవుతుందన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే మెదడు అలా పనిచేయదు. రక్తంలోని కోలిన్ మెదడులోకి ప్రవేశించడానికి, అక్కడి నుంచి నాడీకణంలోకి చేరడానికి ప్రత్యేక వాహకాలు ఉన్నాయి. వాటి సామర్థ్యానికి హద్దు ఉంది. కొరత లేని ఆరోగ్యవంతుడు అదనంగా గుళిక మింగినంత మాత్రాన ఎసిటైల్‌కోలిన్ అదే నిష్పత్తిలో పెరగదు. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులకు ఈ గుళికలు పరీక్షల్లో ఉపకరిస్తాయని చెప్పదగిన బలమైన ఆధారం లేదు.

వయసు మీదపడిన వారి విషయం కొంత భిన్నం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ బృందంపై 2011లో వెలువడిన అధ్యయనంలో, ఆహారంలో కోలిన్ ఎక్కువగా తీసుకున్నవారు జ్ఞాపక పరీక్షల్లో మెరుగ్గా రాణించారు. అయితే మంచి ఆహారం తినేవారికి ఇతర మంచి అలవాట్లూ ఉండవచ్చు కనుక, ఆ ఫలితాన్ని కోలిన్ ఖాతాలోనే జమకట్టలేం. మతిమరుపు మొదలైన పెద్దల్లో సిటికోలిన్ అనే రూపంతో కొంత మేలు కనిపించిన చిన్న పరీక్షలూ ఉన్నాయి. వాటిలో కొన్ని ఆ పదార్థాన్ని తయారుచేసే సంస్థల ఖర్చుతోనే జరిగాయన్నది మరచిపోరానిది. పక్షవాతం వచ్చిన సుమారు 2,300 మందిపై ఐరోపాలో జరిగిన పరీక్షలో సిటికోలిన్‌కూ, మందులేని మాత్రకూ తేడా కనిపించలేదని 2012లో తేలింది.

ఇక లెక్కలోకి వస్తే, 500 మిల్లీగ్రాముల సిటికోలిన్‌లో ఉండే అసలు కోలిన్ సుమారు 100 మిల్లీగ్రాములే. ఉడికించిన పెద్ద కోడిగుడ్డు ఒక్కదానిలో దాదాపు 147 మిల్లీగ్రాములు ఉంటుంది. అదీ పచ్చసొనలోనే. కొవ్వు భయంతో సొన తీసి పారేసేవారు కోలిన్‌ను పారేసి, మళ్లీ దానినే సీసాలో కొనుక్కుంటున్నట్లు లెక్క. గుడ్డు తినని వారికి ఢిల్లీ మెస్సుల్లో నిత్యం దొరికే రాజ్మా అరకప్పులో సుమారు 45, కప్పు పాలలో 43, పెద్ద బంగాళాదుంపలో 57 మిల్లీగ్రాములు లభిస్తాయి. వేయించిన సోయా గింజలు అరకప్పు తింటే వంద దాటుతుంది. శాకాహారులు లక్ష్యాన్ని చేరడం కష్టమే గాని అసాధ్యం కాదు.

కోలిన్ మీద నిజంగా శ్రద్ధ పెట్టవలసింది గర్భిణుల విషయంలో. శిశువు మెదడు ఎదుగుదలకు ఇది కీలకం. కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, చివరి త్రైమాసికంలో రోజుకు 930 మిల్లీగ్రాములు పొందిన తల్లుల పిల్లలు 480 పొందిన వారి పిల్లల కంటే వేగంగా స్పందించారు. పాల్గొన్నది 26 మంది మాత్రమే కనుక మోతాదును వైద్యులే నిర్ణయించాలి. పరీక్షార్థులకు గుళికలు అమ్మేవారి ప్రకటనల్లో ఈ సంగతికి చోటు దొరకదు.

పెద్దలకు రోజుకు గరిష్ఠ పరిమితి 3,500 మిల్లీగ్రాములు. మోతాదు మితిమీరితే ఒంటి నుంచి చేపల వాసన, చెమట, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటి ఇబ్బందులు వస్తాయి. ఆల్ఫా జీపీసీ అనే రూపాన్ని వాడినవారిలో పదేళ్ల కాలంలో పక్షవాతం ఎక్కువగా కనిపించిందని దక్షిణ కొరియాలో 50 ఏళ్లు దాటిన కోటీ ఇరవై లక్షల మంది సమాచారాన్ని పరిశీలించిన అధ్యయనం 2021లో వెల్లడించింది. ఇది కారణాన్ని నిరూపించేది కాదు గాని హెచ్చరికగా తీసుకోదగినది. పోషక గుళికలు ఔషధాలు కావు. వైద్య వినియోగానికి కాదన్న ప్రకటన వాటి సీసాపై ఉండాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన. సంస్థ లైసెన్సు సంఖ్య కూడా ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి.

చదివింది గుర్తుండటం లేదని బాధపడేవారు గుళిక కంటే ముందు నిద్రను, రక్తహీనతను, విటమిన్ బీ12ను, థైరాయిడ్‌ను పరీక్షించుకోవడం మేలు. చలికాలంలో మరో సంగతీ చూసుకోవాలి. ఢిల్లీ పొగమంచు రోజుల్లో చాలామంది వేసుకునే జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. అది మగత కలిగించడమే కాక ఎసిటైల్‌కోలిన్ పనికి అడ్డుపడుతుంది. ఉదయం కోలిన్ గుళిక, రాత్రి ఆ మాత్ర వేసుకునే విద్యార్థి రెండింటి పేర్లూ వైద్యుడికి చెప్పాలి.