ఎర్రకన్నూ, చారెడేసి కళ్ళూ

కన్ను ఎర్రబడితే మీరేం చేస్తారు? చల్లటి నీళ్ళతో కడుక్కుంటారు. మర్నాటికీ తగ్గకపోతే వీధి చివరి మందుల షాపులో చుక్కలమందు కొనుక్కుంటారు. చాలాసార్లు అది మామూలు కళ్ళకలకే కనుక తగ్గిపోతుంది కూడా. చిక్కంతా తగ్గని కన్నుతోనే.

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో కంప్యూటరు ముందు పనిచేసే అమ్మాయి ఉందనుకోండి. కళ్ళజోడు ఇష్టంలేక కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటుంది. వాటిని శుభ్రంచేసే ద్రావణం అయిపోయిన రోజున హాస్టల్ కుళాయి కిందే కడిగేస్తుంది. ఆ నీళ్ళలో అకాంతమీబా అనే ఏకకణజీవి ఉండవచ్చు. మట్టిలోనూ, ఈతకొలనుల్లోనూ అది ఉంటుంది, మామూలుగా మన జోలికి రాదు. కానీ నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, అంటే కార్నియా, లెన్సు రాపిడికి కాస్త గీరుకుపోయి ఉంటే అక్కడ తిష్ఠవేస్తుంది. చాలామందిలో కంటి ఎరుపు కొంచెమే, నొప్పి మాత్రం ప్రాణం తీస్తుంది. ఈ పొంతన లేకపోవడమే వైద్యులకు అనుమానం కలిగించే గుర్తు.

1974లో ఇంగ్లండు వైద్యులు ఈ జబ్బును ప్రకటించారు. 1980లలో అమెరికాలో లెన్సులవాళ్ళలో ఎక్కువగా బయటపడింది. మనదేశంలో మాత్రం లెన్సు ముఖం ఎరుగనివాళ్ళలోనే ఎక్కువ. మట్టో, మురికినీరో పడ్డ కళ్ళు అవి. కాబట్టి ఊళ్ళో పొలం చూసుకునే మీ నాన్నగారికీ ఇది రావచ్చు.

షాపులో ఇచ్చే చుక్కల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వేసుకోగానే ఎరుపు తగ్గుతుంది, హమ్మయ్య అనుకుంటారు. లోపల క్రిమి మాత్రం బలపడుతుంది. చివరికి నల్లగుడ్డు మీద పువ్వు వేస్తుంది.

మరి జబ్బేదో తేల్చడం ఎలా? కంటికి మత్తుచుక్కలు వేసి, పుండు అంచునుంచి సన్నని బ్లేడుతో కాస్త గీకి తీస్తారు. మీకు నొప్పి తెలియదు. ఆ గీకినదాన్ని గాజుపలక మీద పరచి, రంగువేసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. బాక్టీరియానా, బూజా, అకాంతమీబానా అన్నది చాలావరకు ఆ రోజే తేలుతుంది. అక్కడ తేలకపోతే కల్చర్. అదొక తమాషా! బాక్టీరియా పరచిన పళ్ళెంలో ఆ కాస్తా ఉంచితే, అకాంతమీబా ఆ బాక్టీరియాను మేస్తూ దారులు గీసుకుంటూ పోతుంది. ఆ దారులను బట్టి దొంగను పట్టుకుంటారు. అయితే ముందే ఏవో చుక్కలు వేసుకుని వెళితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. తేలాక వైద్యం నెలల తరబడి సాగుతుంది.

ఇక రెండో రకం జబ్బులు నీళ్ళలోంచి రావు, వంశంలోంచి వస్తాయి.

పసిబిడ్డకు చారెడేసి కళ్ళుంటే మనం మురిసిపోయి దిష్టి తీస్తాం. కానీ ఆ కళ్ళు నీరు కారుతున్నా, బిడ్డ వెలుగు చూడలేక మొహం దాచుకుంటున్నా, నల్లగుడ్డు మసకబారినా దిష్టి సంగతి తరవాత, ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పుట్టుకతో వచ్చే నీటికాసులు, అంటే గ్లాకోమా, అలాగే ఉంటుంది. లోపలి నీరు బయటికి పోయే దారి సరిగా ఏర్పడక ఒత్తిడి పెరుగుతుంది, లేతకన్ను సాగుతుంది. దీనికి ఆపరేషనే అసలు వైద్యం. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగిరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990లలో వేసిన లెక్క ప్రకారం సుమారు 3,300 మంది శిశువుల్లో ఒకరికి ఇది ఉంది. పాశ్చాత్య దేశాల్లో సుమారు 10,000 మందిలో ఒకరికే.

ఎందుకీ తేడా? మన మేనరికాలు ఒక కారణం. సీవైపీ1బీ1 అనే జన్యువులో లోపం తల్లిలో ఒక పాలు, తండ్రిలో ఒక పాలు దాగి ఉంటే, ఇద్దరి కళ్ళూ బాగానే ఉంటాయి. పుట్టే ప్రతి బిడ్డకూ మాత్రం నాలుగింట ఒక వంతు ప్రమాదం. బావా మరదళ్ళకు తాత ఒక్కడే కనుక ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ.

అందుకే డాక్టరు "మీది మేనరికమా?" అని అడిగితే చిన్నబుచ్చుకోకండి. ఆయన మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. చూపులేని మేనత్త సంగతి, "అమ్మవారు పోసి కళ్ళు పోయాయి" అని ఇంట్లో చెప్పుకునే పెదనాన్న సంగతి దాచకుండా చెప్పండి. మూడు తరాల వంశవృక్షం గీసుకోవడమూ పరీక్షలో భాగమే. మొదటి బిడ్డకు ఈ జబ్బుంటే రెండో బిడ్డ కళ్ళను పుట్టగానే చూపించాలి.

రేచీకటీ అంతే. విటమిన్ లోపమని ఆకుకూరలు పెడతాం, మంచిదే. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ చూపు చుట్టూరా కుంచించుకుపోతూ, గొట్టంలోంచి చూస్తున్నట్టు అయితే అది రెటీనాకు వచ్చే వంశపారంపర్య జబ్బు కావచ్చు. రెటీనాలోని విద్యుత్తును కొలిచే ఈఆర్‌జీ పరీక్ష, ఆపైన రక్తంతో జన్యుపరీక్ష చేస్తారు. "నయంకాని జబ్బుకు పేరు తెలిసి ఏం లాభం?" అంటారు కొందరు. ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపముంటే 2017లో అమెరికా ఒక జన్యుచికిత్సకు అనుమతి ఇచ్చింది. ఏ జన్యువో తెలిసినవాళ్ళకే ఆ దారి.

హైదరాబాదులో మెహదీపట్నం దగ్గరి ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. 1987లో బంజారాహిల్స్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. వెళ్ళేటప్పుడు లెన్సులను డబ్బీతో సహా తీసుకెళ్ళండి, వాటినుంచీ క్రిమిని పెంచి చూడవచ్చు. ఇప్పటిదాకా వేసుకున్న చుక్కలమందు సీసాలు, అయిపోయినవైనా సరే, సంచిలో వేసుకోండి.