చంక దిగిన బిడ్డ

తెలుగిండ్లలో బిడ్డ యెదుగుదలను పిండివంటలతో లెక్కించు ఆచారము కలదు. బోర్లపడిననాడు బొబ్బట్లు, ప్రాకిననాడు పాకుండలు, గడప దాటిననాడు గారెలు, కూరుచున్ననాడు కుడుములు, అడుగిడిననాడు అరిసెలు. ప్రాంతమును బట్టి ఒకటి రెండు వంటలు మారవచ్చును. యతిమైత్రి కొరకు కూర్చిన వరుస యని నవ్వువారు నవ్వవచ్చును గాని, అక్షరము రాని అవ్వలకు సైతము గుర్తుండునట్లు చేసిన పట్టిక యిది. అయితే నడకకు సంబంధించినంతవరకు ఈ వేడుక అరిసెలతో ముగియుచున్నది. నట్టింట నాలుగడుగులు వేసిన బిడ్డ పేర అరిసెలు పంచినవారు, ఆ బిడ్డయే ఏడాది గడచిన పిమ్మట వీథి మొదటినుండి చివరివరకు ఎవరి చంకయు నెక్కక నడచిననాడు ఏమియు పంచరు. ఆ దినము ఏదియో కూడ ఎవరికిని గుర్తుండదు. అంతకుముందు మోసిన నడుము నొప్పి మాత్రము గుర్తుండును.

రెండేండ్ల బిడ్డ ఇంటిలో ఒకచోట నిలువదు. వసారానుండి వంటయింటికి, వంటయింటినుండి పెరటికి, తెల్లవారినది మొదలు పరుగులే. అట్టి బిడ్డకు చెప్పులు తొడిగి వీథిలోనికి తీసికొనిపోయినచో నాలుగిండ్లు దాటకమునుపే రెండు చేతులును పైకెత్తి "ఎత్తుకో" యని నిలిచిపోవును. తల్లి చేత కూరల సంచి యుండును, ఎండ యెక్కుచుండును. "ఇంకెంత దూరం నాన్నా, ఆ మలుపు తిరిగితే ఇల్లే" అని ఆమె బ్రతిమాలును. బిడ్డకు మలుపు పట్టదు. వెనుక వచ్చు ముసలమ్మ "చంక మరిగాడమ్మా, అంతా నీ గారాబమే" అని తీర్పు చెప్పి సాగిపోవును. తరతరములుగా చెల్లుబాటగుచున్న ఈ తీర్పును ఒకమారు పునర్విచారణకు తెచ్చుట మంచిది. ఏలయన, తీర్పును బట్టియే శిక్షయు నడచుచున్నది. ఆ శిక్ష పడునది రెండేండ్ల పసివానికి.

కాళ్ళలో శక్తి చాలదా యన్నది మొదటి ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు భారతదేశముతో సహా ఐదు దేశముల బిడ్డలను పరిశీలించి 2006లో ప్రకటించిన లెక్కల ప్రకారము బిడ్డలు సగటున 12 నెలలకు ఒంటరిగా నడచుదురు. ఎనిమిది నెలలు దాటగానే నడచినవారును, పదునేడు నెలలు దాటిన పిదప నడచినవారును ఆరోగ్యవంతులైన బిడ్డలలోనే యుండిరి. నడక వచ్చిన పిదప వారెంత నడచుదురో న్యూయార్కు విశ్వవిద్యాలయమునందలి కారెన్ అడాల్ఫ్ బృందము ఓపికతో లెక్కించినది. 2012లో ప్రకటించిన ఆ పరిశీలనలో 12 మొదలు 19 నెలల వయస్సుగల బిడ్డలు స్వేచ్ఛగా ఆడుకొనునపుడు గంటకు సగటున 2,368 అడుగులు వేసిరి. 17 మారులు పడిరి. నడచిన దూరము రమారమి 700 మీటర్లు. గంటలో పదునేడు మారులు పడి, పదునేడు మారులు లేచి నడచు బిడ్డ కాళ్ళను శంకించుట న్యాయము కాదు. "తప్పటడుగు" అను చక్కని మాట ఈ నడకకు చెల్లినది. పత్రికలవారు దానిని పెద్దల అపరాధములకు అంటగట్టి పాడుచేసిరి గాని, బిడ్డ తప్పటడుగులో తప్పేమియు లేదు.

అయితే ఆ రెండువేల పైచిలుకు అడుగులును ఒక దారిని పడినవి కావు. నాలుగడుగులు, ఒక నిలుపు. మరల రెండడుగులు, ఒక మలుపు. బిడ్డల నడకలలో పెక్కు ఏ వస్తువును చేరుటకొరకును బయలుదేరినవి కావని అదే బృందము 2018లో ప్రకటించినది. పెద్దలు ఇల్లు చేరుటకు నడచుచుందురు. బిడ్డకు చీమల బారు కనబడినచోటనే నడక పూర్తియైనది. ఒకే వీథిలో ఒకే సమయమున ఈ యిరువురును చేయుచున్నవి రెండు వేరు వేరు పనులు.

మరి, ఇన్ని యడుగులు వేయగల బిడ్డ ఎత్తుకొమ్మని ఏల యడుగును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల పరిశీలన యొకటి లండను నగరపు ఉద్యానవనములలో జరిగినది. జె. డబ్ల్యు. ఆండర్సన్ అను నతడు అచ్చటి తోటలలో కూర్చున్న తల్లులను, వారి చుట్టు తిరుగు పదునైదు నెలలు మొదలు రెండున్నర యేండ్ల వరకు గల బిడ్డలను చూచి, చూచినది వ్రాసికొని, 1972లో ప్రకటించెను. తల్లి కూర్చున్నంతసేపు బిడ్డ కొంత దూరము పోవును, నిలుచును, తిరిగివచ్చును, మరల పోవును. ఎవరును పిలువనక్కరలేదు. 200 అడుగుల మేర దాటి పోయినవారు అరుదు. తల్లి లేచి నడువ మొదలిడగానే ఈ క్రమమంతయు చెడును. బిడ్డ యున్నచోటనే కదలక నిలిచిపోవును. లేదా యెదురువచ్చి చేతులెత్తును. తల్లీబిడ్డల అనుబంధమును గూర్చి పెద్ద గ్రంథము వ్రాసిన ఆంగ్ల మనోవైద్యుడు జాన్ బౌల్బీ (1907–1990) ఈ పరిశీలనకు మిక్కిలి విలువనిచ్చెను. కదలని తల్లి చుట్టు తిరిగి మరల ఆమెను చేరుట బిడ్డకు చేతనగును. కదలుచున్న తల్లిని విడువక అనుసరించుట మూడేండ్ల లోపు బిడ్డకు ఇంకను అలవడని విద్య.

అనగా, "ఎత్తుకో" అను మాటను కాళ్ళ మొఱ్ఱగా మాత్రమే విన్నచో సగమే విన్నట్లు. "నీవు పోవుచున్నావు, నీతోడ నెట్లు రావలెనో నాకు తెలియదు" అని చెప్పుటకు రెండేండ్ల బిడ్డకు దొరకిన మాట అది యొక్కటే. మానవజాతి చాలకాలము ఈ మాటకు చర్చ లేకయే బదులు చెప్పినది. ఆఫ్రికాఖండమున కలహారి యెడారిలో అడవి పంటను సేకరించి జీవించిన కుంగ్ జాతి స్త్రీలు నాలుగేండ్లు వచ్చువరకు బిడ్డను మోయుచుండిరి. అట్లు ఒక తల్లి ఒక బిడ్డను మోసిన దూరము మొత్తము 7,800 కిలోమీటర్లని 1970వ దశాబ్దమున రిచర్డ్ లీ అను మానవశాస్త్రజ్ఞుడు లెక్కగట్టెను. కాశ్మీరమునుండి కన్యాకుమారికి పోయి తిరిగి వచ్చినను ఇంకను మిగులునంత దూరము! ఆ తల్లులను గారాబము చేసినారని ఎవరు నిందింపగలరు?

తీర్పు కంటె హానికరమైనది దాని వెంట వచ్చు శిక్ష. తెలుగునాట మిక్కిలి వాడుకలోనున్నది "నేను పోతున్నా, నువ్వు ఇక్కడే ఉండు" అను బెదరింపు. తల్లి నాలుగడుగులు ముందుకు నడచి, వెనుదిరిగి చూడనట్లు నటించును. తండ్రి తన వంతుగ "అదుగో బూచాడు" అనును. బిడ్డ యేడ్చుచు పరుగెత్తి వచ్చును. ఉపాయము ఫలించినదని పెద్దలు నవ్వుకొందురు. నిజమునకు జరిగినదేమి? తల్లి దూరమగుచున్నదను దిగులుచేతనే బిడ్డ చంక కోరినది. ఆ దిగులు నిజమేయని తల్లియే స్వయముగ సాక్ష్యము చెప్పినట్లయినది. మరునాడు ఆ బిడ్డ నాలుగిండ్లు దాటువరకు ఆగదు. గడప కడనే చేతులెత్తును. ఎత్తుకొన్న పిదప మెడచుట్టు వేసిన చేతులను విడువదు. నడిపింపదలచినవారు మోతను పొడిగించుకొందురు. బిడ్డల పెంపకమున ఇంత విరివిగా వాడబడుచు ఇంత నిష్ఫలమైన ఉపాయము మరియొకటి కనబడదు.

మేలైన ఉపాయము తెలుగువారి యెదుటనే యున్నది; వారు దానిని ఎగతాళి మాటగా మార్చుకొనిరి. "అమ్మ కొంగు పట్టుకొని తిరుగువాడు" అనినచో ధైర్యము లేనివాడని అర్థము చెప్పుదురు. రెండేండ్లవాని విషయమున కొంగు పట్టుటయే ధైర్యమునకు మొదటి మెట్టు. చేయి పట్టి నడిపించునపుడు పట్టు పెద్దలది. కొంగు పట్టి నడచునపుడు పట్టు బిడ్డది. విడుచుటయు పట్టుటయు వాని యిష్టము. మేకపిల్ల కనబడినచో విడిచి రెండడుగులు ప్రక్కకు పోవును. చూచి, మరల వచ్చి కొంగునందుకొనును. లండను తోటలో కూర్చున్న తల్లి చుట్టు బిడ్డలు చేసిన రాకపోకలు ఇచ్చట నడచుచున్న తల్లి చుట్టు సాధ్యమగుచున్నవి. కొంగు బిగిసినచో బిడ్డ వెనుకబడినదని తల్లికి వెంటనే తెలియును. ఆమె అడుగు తానై నెమ్మదించును. చీర కట్టని తల్లులకు చున్నీ యంచు కలదు. తండ్రులకు చొక్కా యంచును, చూపుడువ్రేలును కలవు. వాహనములు తిరుగు బజారులో మాత్రము ఈ స్వేచ్ఛ పనికిరాదు. అచ్చట పెద్దలే చేయి పట్టవలెను.

చేయి పట్టుటలోనైనను తెలిసికొనవలసినది కొంత కలదు. రెండేండ్ల బిడ్డ యెత్తు రమారమి 86 సెంటీమీటర్లు. పెద్దవారి చేతినందుకొనుటకు వాని చేయి తలపైకి లేచి యుండవలెను. చేయి అట్లు పైకెత్తి ఐదు నిమిషములు నడచి చూచినచో ఆ బాధ యెవరికైనను తెలియగలదు. ఆలస్యమగుచున్నదని ఆ చేతిని ఒక్కపెట్టున లాగినచో మోచేతి కీలు తొలగవచ్చును. ఒకటి మొదలు నాలుగేండ్ల వరకు గల బిడ్డలలో వైద్యులు తరచుగా చూచు గాయమిది.

ఇక దూరమును పెంచు సంగతి. బిడ్డకు కిలోమీటరు అర్థము కాదు; "ఇంకొంచెం దూరం" అనునది అసలే అర్థము కాదు. కనబడు గురుతు అర్థమగును. ఎఱ్ఱ గేటు, బోరింగు పంపు, వేపచెట్టు, తెల్లకుక్క పడుకొను అరుగు: ఇట్లు దారిని ముక్కలు చేసి పేర్లు పెట్టినచో బిడ్డ ఒక గురుతునుండి మరియొక గురుతునకు పోవును. వారము తిరుగకమునుపే ఆ పేర్లను తానే ముందుగా చెప్పి పరుగెత్తును. ఎత్తుకొనుటయు ఈ దారిలో ఒక మజిలీ కావచ్చును. "వేపచెట్టు దాకా నువ్వు నడు, అక్కణ్ణించి పంపు దాకా ఉప్పుమూట" అని ముందే ఒప్పందము చేసికొని, బిడ్డ యేడువకున్నను వేపచెట్టు కడ వీపున ఎక్కించుకొనవలెను. ఏడువకున్నను అను మాట ఇచ్చట ముఖ్యము. ఏడ్చినపుడే చంక దొరకునని తెలిసిన బిడ్డ ఏడ్చుట నేర్చును. అడుగకమునుపే దొరకునని తెలిసిన బిడ్డ బెంగ మాని త్రోవ చూచును. ఆ పిదప ఉప్పుమూటను వారమునకొక గురుతు చొప్పున జరుపుకొనుచు పోవచ్చును.

చేత పనియున్న బిడ్డకు అలసట ఆలస్యముగ వచ్చును. అలిపిరినుండి తిరుమలకు కాలినడకన పోవు త్రోవలో 3,550 మెట్లు కలవు. మ్రొక్కుకొన్న స్త్రీలు మెట్టుమెట్టునకు పసుపు కుంకుమలు పెట్టుచు ఎక్కుట అచ్చట నిత్యదృశ్యము. వారి వెంట నడచు పిల్లలలో కుంకుమ భరిణె పట్టినవానికి మెట్టుమెట్టునను ఒక పని యుండును. ఊరక చేతులూపుకొనుచు వచ్చువాడే "ఇంకా ఎంతుంది" అని ముందుగ అడుగును. (రెండేండ్లవానిచేత మెట్లన్నియు ఎక్కించితిమని చెప్పుకొను తండ్రులు లేకపోలేదు. ఆ గొప్ప బిడ్డకు అక్కరలేనిది.) కొండ యెక్కనక్కరలేదు, బజారునుండి వచ్చునపుడు కొత్తిమీర కట్ట నొకదానిని చేతికిచ్చినను చాలును. ఆ కట్ట ఇల్లు చేరునప్పటికి వాడిపోయి యుండును. దానికి సిద్ధపడియే ఇయ్యవలెను.

పెద్దవారి అడుగొకటికి బిడ్డ రెండు మూడు అడుగులు వేయవలెను. కావున పది నిమిషముల దారికి అరగంట వ్యవధి యుంచుకొననివారు బిడ్డను నడిపింప బూనుకొనకుండుటయే మేలు. వేసవిలో తారురోడ్డు సెగ పెద్దలకు మోకాలివరకే తగులును. బిడ్డకు మొగమునకు తగులును. ఆకలివేళ, నిద్రవేళ నడకకు అనువైనవి కావు. ఇవి యందరెరిగినవే. ఎరుగక పొరబడునది మరియొకటి కలదు: నిన్నటివరకు చక్కగా నడచిన బిడ్డ హఠాత్తుగ నడువనన్నను, కుంటినను, జ్వరము వెంట కాలు కదపకున్నను దానిని మారాముగ నెంచరాదు. ఆనాడే వైద్యునికి చూపవలెను. ఏడాదిన్నర నిండినను నడక రాని బిడ్డ విషయమునను అంతే.

ఉపాధ్యాయులకు ఈ విషయముతో పని లేదనుకొనరాదు. 1975 అక్టోబరు 2న మొదలైన శిశు అభివృద్ధి పథకము క్రింద వెలసిన అంగన్‌వాడీలకు మూడేండ్ల బిడ్డలు వచ్చుచున్నారు. వారిని దింపిపోవునది చాలచోట్ల తల్లి కాదు, తల్లి పనికి పోవును. ప్రాథమిక పాఠశాలలో చదువుకొను అక్క దింపును. వీపున పుస్తకాల సంచి, చెవిలో బడిగంట భయము. తమ్ముడు చీమలను చూచుటకు నిలిచినచో ఆమె వానిని లాగవలెను, లేదా ఆ సంచితోడనే చంకనెత్తుకొనవలెను. పదేండ్ల పిల్ల మూడేండ్లవానిని మోయుట ఎవరికిని వింతగ తోచదు. పది నిమిషములు ఆలస్యముగ వచ్చిన ఆ పిల్లను గుమ్మము కడ నిలువబెట్టు ఉపాధ్యాయుడు ఆమె ఎవరి యడుగుతో నడచి వచ్చినదో అడుగుట యుక్తము. పిల్లలను బయటకు తీసికొనిపోవు దినమున పొట్టివారిని వరుసకు ముందు నిలుపు ఆచారము మంచిదే. అయితే వారికంటె ముందు నడచు ఉపాధ్యాయుని అడుగు పెద్దది. ఆయన వరుస చివర నడచినచో ఆ చిక్కు తీరును.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో ఐదేండ్ల లోపు బిడ్డలకొరకు ఇచ్చిన సూచనలలో, ఒకటి రెండేండ్ల బిడ్డ దినమున కనీసము 180 నిమిషములు కదలుచుండవలెననియు, బండిలోనో వీపుననో కట్టి యొకేసారి గంటకు మించి యుంచరాదనియు చెప్పిరి. స్కూటరు ముందు నిలువబెట్టుకొని కిరాణా దుకాణమునకు పోయివచ్చు తండ్రికి ఆ దారిలో నడువదగిన నాలుగు వందల గజములున్నవని తోచదు. స్కూటరును దుకాణమునకు నాలుగిండ్ల ఇవతల నిలిపినను బిడ్డకు కొంత దారి దక్కును.

తిరుగు త్రోవలో బిడ్డ నిద్రపోయినచో ఎత్తుకొనక తప్పదు. నిద్రించు బిడ్డ మేలుకొన్న బిడ్డకంటె బరువని మోసినవారందరు చెప్పుదురు. త్రాసు ఈ మాటను ఒప్పుకొనదు గాని, భుజము ఒప్పుకొనును. అట్టి సమయమున చెప్పులు జారి పడకుండ ముందే విప్పి సంచిలో వేసికొనుట మంచిది.