హిమకాలమున ప్రాగు నగరము

ఐరోపా ఖండము నడుమ, చెకు దేశమునకు రాజధానియై, వ్లతావా యను నదికి ఇరుగట్టులను ప్రాగు నగరము కలదు. ఆ దేశస్థులు దానిని ప్రాహా యందురు. గడచిన క్రిస్మసు సెలవులలో మేము నలుగురు ఉపాధ్యాయులము అచ్చట కొన్ని దినములు గడపితిమి. వేసవియందు చూడవలసిన ఊరికి మంచుకాలమున పోనేల యని మిత్రులు కొందఱు మమ్ము వారించిరి. బడి సెలవులు మాకు అప్పుడే దొరకినవి గనుక పోయితిమి. ఇప్పుడైతే ఆ నగరమును చలికాలమునందే చూడవలెనని మేమే యితరులకు చెప్పుచున్నాము. ఏలయన అచ్చటి వింతలలో మాకు మిక్కిలి నచ్చిన రెండును, అనగా పాత గడియారమును, కెప్లరు పండితుని మంచురేకును, ఆ ఋతువునందే చక్కగా బోధపడును.

మొదట పగటిని గూర్చి చెప్పవలెను. మన కృష్ణాతీరమున సంవత్సరములోని మిక్కిలి కురుచ దినమునందు సైతము పదునొకండు గంటల పగలుండును. ప్రాగు నగరము భూమధ్యరేఖకు 50 అంశములు ఉత్తరమున నుండుటవలన డిసెంబరు చివర సూర్యుడు ఇంచుమించు ఉదయము 8 గంటలకు ఉదయించి సాయంకాలము 4 గంటలకు అస్తమించును. నడి మధ్యాహ్నమున గూడ ఆకాశమున 17 అంశములకు మించి పైకి రాడు. ఇండ్ల కప్పుల మీదుగా ఒకసారి తొంగిచూచి పోయినట్లుండును. చలి నీరు గడ్డకట్టు స్థితికి అటునిటుగా నుండును. ఒకే మందపు కోటుకన్న మూడు నాలుగు పలుచని ఉన్నిబట్టలు ఒకదానిపై నొకటి ధరించుట మేలు. మన యూళ్లలో పెద్దలు వేకువజామున ధరించు మంకీటోపీని అచ్చటివా రెవరును ధరింపరు. మాలో నొకరు ధరించి అందఱికన్న సుఖపడిరి.

పాతపట్టణపు కూడలిలో పురమందిరపు గోడకు ఆ ప్రసిద్ధమైన గడియారమున్నది. దానిని 1410వ సంవత్సరమున మికులాష్ అను పనివాడు చేసెను. దానికి వలయు ఆకాశగణితమును యాన్ షిండెల్ అను విశ్వవిద్యాలయ పండితుడు సమకూర్చెనని చరిత్రకారుల యభిప్రాయము. హనుష్ అనువాడు దీనిని చేసెననియు, మఱియొక యూరికి ఇట్టిది చేయకుండుటకై నగరాధికారులు వాని కన్నులు పొడిపించిరనియు ఒక కథను ప్రయాణికులకు నేటికిని చెప్పుచుందురు. పాతపత్రములు దొరకిన పిదప అది కట్టుకథయని తేలినది. గంట గంటకు ఒక అస్థిపంజరపు బొమ్మ త్రాడు లాగును. పైనున్న రెండు కిటికీలు తెఱచుకొనగా పండ్రెండుగురు అపొస్తలుల బొమ్మలు వరుసగా కనబడిపోవును. కడపట కోడి కూయును. ఇది యంతయు ఒక నిమిషములోపల ముగియును. వందలకొలది జనులు చేతి ఫోనులు పైకెత్తి దీనికొఱకే కాచుకొని, ముగియగానే చెదరిపోవుదురు. మా యభిప్రాయమున బొమ్మలు చూడక పోయినను లోటు లేదు. చూడవలసినది క్రిందనున్న పలక.

ఆ పలక ఆకాశపు పటమని తలంపవలెను. భూమి నడుమనుండగా సూర్యచంద్రులు చుట్టును తిరుగుదురని అప్పటివారు నమ్మిరి గనుక పటమును అట్లే చేసిరి. నీలవర్ణము పగలు, అడుగుననున్న నలుపు రాత్రి, రెంటి నడుమ ఎఱ్ఱనిది ప్రాతఃకాల సాయంకాలముల సంధ్య. ఒక ముల్లు కొనయందు బంగారు సూర్యుడును, మఱియొక ముల్లునకు సగము వెండి సగము నలుపుగా నున్న చంద్రుడును ఉందురు. చంద్రుని గుండు తనంతట తిరుగుచు వృద్ధిక్షయములను చూపును. ఇంతవఱకు సుళువే. వింత యేమనగా, ఈ పలక ఒక్కటే మూడు విధములైన కాలమును చూపును.

రోమను అంకెలు మనమిప్పుడు వాడుకొను గంటలను చూపును. వానికి వెలుపల నల్లని వలయముపై బంగారు అంకెలు 1 మొదలు 24 వఱకు ఉన్నవి. ఇది పాత చెకు కాలము. వారి దినము ప్రొద్దుక్రుంకుటతో ముగిసి అప్పుడే మరల మొదలగుచుండెను. ప్రొద్దుక్రుంకు వేళ ఋతువునుబట్టి మాఱును గనుక ఆ వలయము తానే కొంచెము కొంచెముగ ముందువెనుకలకు జరుగుచుండును. మేము చూచిన దినమున మన 4 గంటల చోటికి వారి 24 వచ్చియుండెను. దీనివలన ప్రయోజనమేమని విద్యార్థు లడుగవచ్చును. దీపములు లేని కాలమున కూలివానికిని బాటసారికిని ఇప్పు డెన్ని గంటలైనదన్న సంగతికన్న వెలుతురింక ఎంతసేపుండునన్న సంగతియే ముఖ్యము. వలయముపై 21 కనబడెనా, చీకటిపడుటకు మూడు గంటలున్నవని తెలిసిపోవును.

మూడవది నీలభాగముమీద వంకరగా గీసిన బంగారు గీతలు. సూర్యోదయము మొదలు అస్తమయము వఱకు పగలెంతయున్నను దానిని పండ్రెండు పాళ్లు చేయుట ఈ లెక్క. ఎనిమిది గంటల పగలున్న డిసెంబరులో ఒక్కొక్క పాలు 40 నిమిషములు. జూనునందు ఇంచుమించు 80 నిమిషములు. గంట సాగుటయు కుంచించుకొనుటయు మనకు నవ్వు పుట్టించునేమో గాని, మన పంచాంగములయందు రాహుకాలము కట్టువారు పగటిని ఎనిమిది భాగములు చేయుటయు ఇట్టిదే. క్రొత్తనిబంధనలోని గంటలును ఇట్టివే. ద్రాక్షతోట కూలివారి ఉపమానమున, గ్రీకు మూలమునందు పదునొకండవ గంటకు కుదిరినవారు కడపటి పాలు మాత్రమే, అనగా ప్రొద్దు క్రుంకుటకు ముందు ఆ మిగిలిన కొద్దిసేపు మాత్రమే పనిచేసిరి. ఆదివారపు బడిలో ఈ మాట ఎన్నిమారులు చెప్పినను, ఆ పలకముందు నిలిచినప్పు డది కంటికి కనబడినది.

1945 మే మాసపు యుద్ధమున పురమందిరముతోగూడ ఈ గడియారమును మంటలపాలయ్యెను. పనివారు దానిని బాగుచేసి 1948లో మరల నడిపించిరి. 2018లో ఇంకొక పెద్ద మరమ్మతు జరిగెను.

కూడలినుండి పది నిమిషములు నడచిన యెడల చార్లెసు వంతెన వచ్చును. చక్రవర్తియగు నాల్గవ చార్లెసు 1357లో దీనికి శంకుస్థాపన చేసెను. పొడవు 516 మీటర్లు, కమానులు 16, ఇరుప్రక్కల విగ్రహములు 30. ఆ నగరమున నదిని దాటుటకు 1841 వఱకు ఇదియొక్కటే వంతెన. దీని సున్నములో కోడిగ్రుడ్లు కలిపిరని ఒక కథ కలదు. సున్నమునకు బెల్లపునీరును కరక్కాయరసమును కలిపిన మన తాపీపనివారి వంశమువారికి అది వింతగా తోపదు.

ఈ వంతెనమీదనే 1611వ సంవత్సరమునకు ముందటి చలికాలమున యోహాను కెప్లరు నడచిపోవుచుండగా మంచు కురిసి ఆయన కోటుమీద పడెను. కెప్లరు అప్పుడు రెండవ రూడోల్ఫు చక్రవర్తికి ఆస్థాన గణితశాస్త్రజ్ఞుడు. గ్రహములు వర్తులముగా గాక అండాకారముగా తిరుగునని ఆయన 1609లో ప్రకటించిన గ్రంథము ఈ యూరియందే సిద్ధమయ్యెను. గౌరవము గొప్పదే గాని జీతము సరిగా చేతికి రాకుండెను. ఆదరించు పెద్దమనుష్యునికి నూతన సంవత్సరపు కానుక నీయ వలెను, చేతిలో ఏమియు లేదు. కోటుమీది మంచురేకులను చూచి, ఏమియు లేనివాడు ఇయ్యదగిన కానుక యిదియేయని చమత్కరించి చిన్న పుస్తకమొకటి వ్రాసియిచ్చెను. లాటినులో మంచునకు నిక్స్ అని పేరు. జర్మనులో దాదాపు అదే ధ్వనిగల మాటకు శూన్యమని యర్థము.

ఆ పుస్తకపు ప్రశ్న యిది: మంచురేకునకు ఎల్లప్పుడును ఆఱు కొనలే ఏల? అయిదుగాని ఏడుగాని ఏల కాకూడదు? చిన్న గుండ్లను సందులేకుండ పేర్చిన యెడల ఏర్పడు ఆకారములను కెప్లరు పరీక్షించెను. అంగడిలో బత్తాయిపండ్లను గోపురముగా పేర్చు పద్ధతికన్న బిగువైన పేర్పు లేదనియు అందులోనే వ్రాసెను. ఆ పేర్పున పండ్లు నూటికి 74 పాళ్లు చోటు నాక్రమించును. పండ్లమ్ము అవ్వకు తెలిసిన యీ సంగతిని గణితశాస్త్రజ్ఞులు ఋజువు చేయుటకు 1998 వఱకు పట్టెను. థామస్ హేల్స్ అను అమెరికా పండితుడు దానిని సాధించెను. కంప్యూటరుచేత ప్రతిమెట్టును సరిచూచుట 2014లో ముగిసెను.

మంచురేకు సంగతి మాత్రము కెప్లరు తేల్చలేక, దానిని రసాయన శాస్త్రజ్ఞులకు విడిచితినని చెప్పి ముగించెను. ఇరువదవ శతాబ్దమున ఎక్సు కిరణములవలన ఉత్తరము దొరకినది. గడ్డకట్టునప్పుడు నీటి అణువులొక్కొక్కటి నాలుగు పొరుగు అణువులతో చేయి కలిపి ఆఱేసి అణువుల వలయములుగా కుదురుకొనును. మొదట పుట్టు పలుక ఆఱు కోణముల బిళ్లయగుటకు అదియే కారణము. ఆ బిళ్ల కోణములు చుట్టునున్న ఆవిరిలోనికి చొచ్చుకొనియుండుటచేత అచ్చట పెరుగుదల త్వరపడి ఆఱు కొమ్మలు సాగును. మేము వంతెనపై నిలిచిన సాయంకాలమున కొలదిపాటి మంచు కురిసెను. నల్లని ఉన్నికోటు చేతిమీద పడిన రేకులను భూతద్దముతో చూచితిమి. ఊపిరి తగిలిన క్షణమున కరగిపోవును గనుక మొగము ప్రక్కకు త్రిప్పుకొని చూడవలెను.

1611 కెప్లరునకు చెడ్డ సంవత్సరము. ఆ యేడు ఆయన కుమారుడొకడు మశూచివలనను, తరువాత భార్యయు మరణించిరి. మరుసటి యేట ఆయన ప్రాగు విడిచెను.

ఉపాధ్యాయులము గనుక బేత్లెహేము ప్రార్థనాలయమును వెదకికొని పోయితిమి. 1402 మొదలు యాన్ హుస్ అను దైవజ్ఞుడు అచ్చట లాటినునందు గాక ప్రజల చెకు భాషయందు ప్రసంగించెను. మూడువేల మంది వినుటకు చాలిన చోటది. ఆ భాషకు అక్షరములపై గుర్తులుంచి వ్రాయు పద్ధతియు ఆయన యేర్పఱచినదే యందురు. 1415 జూలై 6వ తేదీన కాన్‌స్టాన్సు నగరమున ఆయనను సజీవముగా కాల్చిరి. ఆనాటి క్రూరమరణమునకై 1999లో పోపు రెండవ జాన్ పాల్ విచారము తెలిపెను. పాత ఆలయమును 1786లో పడగొట్టిరి. ఇప్పుడున్నది మిగిలిన గోడలనుబట్టి 1950 తరువాత మరల కట్టినది. లోపల విశేషముగా చూడదగిన దేదియు లేదు. ఉన్నతమైన ప్రసంగపీఠమొకటి కలదు. మాకదియే నచ్చినది. కొండమీది కోటను, 1344లో మొదలిడి 1929లో గాని పూర్తిగాని పెద్ద దేవాలయమును ఒక పూటలో చూచి వచ్చితిమి. వానిని గూర్చి ఏ పుస్తకమునందైనను చదువవచ్చును.

క్రిస్మసునకు ముందటి దినములలో వీధిమొగల నీటితొట్లలో బ్రతికియున్న చేపలు అమ్ముచుందురు. అవి కార్పు జాతివి. మన బొచ్చెకును శీలావతికిని దాయాదులు. దక్షిణ బొహేమియాలో పదునాఱవ శతాబ్దమున త్రవ్విన పెద్ద చెఱువులయందు వీనిని నేటికిని పెంచుచున్నారు. డిసెంబరు 24వ తేదీ రాత్రి ఇంటింట చేపపులుసువంటి చారును, వేపుడును తప్పవు. కొందఱు ముందే కొని స్నానపు తొట్టిలో ఉంచుకొనగా పిల్లలు దానికి పేరుపెట్టి ఆడుకొందురు. ఆ మీద చంపనీయరు. ఈ కష్టము తల్లిదండ్రులకు ఏటేట వచ్చునట.

కడపటి దినమున యూదుల పేటలోని పిన్‌కాస్ ప్రార్థనామందిరమునకు పోయితిమి. నాజీలు చంపిన బొహేమియా, మొరావియా ప్రాంతముల యూదులు సుమారు 78 వేలమంది పేర్లు, పుట్టిన దినములు లోపలి గోడలపై నేలనుండి పైకప్పు వఱకు చేతితో వ్రాయబడియున్నవి. పై అంతస్తున బాలబాలికలు వేసిన బొమ్మలున్నవి. ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ అను చిత్రలేఖన ఉపాధ్యాయిని 1942 డిసెంబరులో టెరెజీను నిర్బంధ పట్టణమునకు పంపబడి, అచ్చట పిల్లలకు బొమ్మలు వేయుట నేర్పెను. ఆ పట్టణమున బడి నడుపుట నిషిద్ధము. కాగితము దొరకకున్న పాత ఫారముల వెనుకప్రక్కను వాడిరి. ఇండ్లు, పువ్వులు, సీతాకోకచిలుకలు వేసిరి. వేసిన ప్రతి బొమ్మపైనను పిల్లలు తమ పేరు వ్రాయవలెనని ఆమె పట్టుపట్టెను. 1944 అక్టోబరులో ఆమెను ఔష్విట్సునకు పంపి చంపిరి. పోవుటకు ముందు రెండు పెట్టెలలో దాచిన సుమారు 4,500 బొమ్మలు యుద్ధానంతరము ప్రాగు చేరెను. వేసిన పిల్లలలో చాలమంది బ్రతుకలేదు. పైన బొమ్మ మూలను పిల్లచేతి వ్రాతతో నున్న పేరే క్రింద గోడమీద పుట్టినతేదీతో కనబడును.

ఈ మందిరము శనివారములందు తెఱవరు. చలికాలమున వెలుతురు త్వరగా పోవును గనుక ఉదయముననే పోవుట మంచిది.