తెరమీది హితవు

1980లో మా బడి గోడకు దుప్పటి కట్టి, పిల్లల కంటిచూపుపై ఒక పాత నలుపు తెలుపు చిత్రం చూపించారు. అందులోని డాక్టరుగారు క్యారెట్ తినమన్నారు. మా ఊరు అప్పటికి క్యారెట్‌ను చూసి ఎరుగదు! పెరటి మునగాకులోనూ ఆ సత్తువ ఉందని మాత్రం ఆయన సెలవివ్వలేదు. ఏ-విటమిన్ రేచీకటిని నివారిస్తుంది గాని హ్రస్వదృష్టిని సరిచేయదు. దానికి కళ్లద్దాలు శరణ్యం.

అసలు హాస్యం వేరే ఉంది. చివర పెద్ద అక్షరాలతో వచ్చిన హితవు, వెనుక వరుసలోని నాకు మసకగా కనిపించింది. అందరికీ అంతేననుకున్నాను! స్నెల్లెన్ 1862లో రూపొందించిన అక్షరాల పట్టికకు 6 మీటర్ల దూరాన నిలబెడితే గాని నా లోపం బయటపడలేదు. అదీ 1984లో!

చూపు తగ్గిందని పసివాడు చెప్పడు; తగ్గినట్లు వాడికే తెలియదు. ఈ సెలవులలో మీ పిల్లలను ఒకసారి ఆ పట్టిక ముందు నిలబెట్టండి.